మర వంటింట్లో పూచీ

లీత్ రేవు
మార్చి, 1764

అక్కా,

బండి టామ్ మా వీధి చివర గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. అతను పడవ ఎక్కేలోపు ఈ ఉత్తరం అతని చేతిలో పడాలి. అందుకే కుశలప్రశ్నలు మానేశాను, ఏమీ అనుకోకు.

నినియన్ సంగతి టామ్ నోటివెంట వినాల్సి వచ్చింది. నువ్వెందుకు రాయలేదు? నా కొడుకుని మీ ఊరి కొలిమిలో పనికి పంపి ఇంకా చలి కూడా తగ్గలేదు, అప్పుడే మర యజమాని గావిన్ వాణ్ణి కోర్టుకి లాగాడట. నీ ఓట్స్ బస్తా వాడే మరకి మోసుకెళ్ళాడట. పిండి తక్కువ వచ్చిందేమని అడిగాడట. అడగడం తప్పా? దానికి గావిన్, మరాడించుకోవడానికి వచ్చినవాళ్ళందరి ముందూ, "దారిలో సగం అమ్ముకుని నా మీద పడతావేరా, లీత్ దొంగా!" అన్నాడట. మావాడికి మాత్రం ఒంట్లో నెత్తురు లేదా? "నేను కొలిమివాణ్ణి. నీ మర కప్పు మీది ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకి ఎంతసేపు ఆగుతుందో నాకు బాగా తెలుసు" అన్నాడట. ఉత్తమాట. వాడికి నోటి తొందర, అంతే.

ఇప్పుడు గావిన్ తనకి ప్రాణభయం ఉందని చెయ్యెత్తి ప్రమాణం చేసి, లాబరోస్ కాగితం తెచ్చాడని టామ్ చెప్పాడు. నినియన్ వల్ల తనకీ, తన వాళ్ళకీ, పశువులకీ, ఇంటికీ కీడు జరగదని ఎవరో ఒకరు పూచీ పడాలి. ఎవరూ పడకపోతే వాడు కూపర్ పట్నం జైల్లో కూర్చోవాలి.

నేను పడతానంటే కోర్టు నవ్వుతుంది. మొగుడున్న ఆడదాని సంతకం చెల్లదు కదా. మా ఆయన సంగతి నీకు తెలుసు, పీపాల కొట్టుమీద ఇప్పటికే బరువెక్కువైంది, ఆయన్ని అడగలేను. నువ్వు విధవవి. ఇల్లు నీ పేరున ఉంది, బావగారి మగ్గం నీ పేరున ఉంది. నీ సంతకానికి విలువుంది. మీసాలు రాకముందే, వాగు పొంగితే నిన్ను భుజాన ఎక్కించుకుని చర్చికి దాటించాడు కదా, వాడేనే వీడు.

టామ్ కేకేస్తున్నాడు. కాదనకు.

బెతయా


పిట్‌లోగీ, ఫైఫ్
మార్చి, 1764

ప్రియమైన చెల్లెలు బెతయాకి,

ప్రభువు దయవల్ల నేనూ నినియనూ ఆరోగ్యంగా ఉన్నాము. నీకు ముందే రాయనందుకు క్షమించు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏం రాయాలో తోచక లేచిపోయాను.

సంతకం చేశాను. ముందు ఆ మాట చెప్పేస్తే నీ మనసు కుదుటపడుతుందని మొదటే రాస్తున్నాను.

సులువుగా చేశానని అనుకోకు. పరుల కోసం పూచీ పడేవాడు చిక్కుకుంటాడని సొలొమోను రాసినదంతా మన పాదిరిగారు ఆ ఆదివారమే చదివారు. నా వైపు చూసి చదివారో, అలా నాకనిపించిందో తెలియదు. ఇంటికి వచ్చి ఆదికాండము తీశాను. చిన్నవాడు బెన్యామీనుకి నేను పూచీ అని యూదా తన తండ్రితో చెప్పిన చోట చాలాసేపు ఆగాను. యూదా మాట ఇచ్చి ఊరుకోలేదు. వేళ వచ్చినప్పుడు, వాడి బదులు నన్ను ఉంచుకోండి అని ముందుకి వచ్చాడు. అది చదివాక గాని కూపర్‌కి బయల్దేరలేకపోయాను.

నినియన్ నాతో నడిచాడు. దారంతా నాకంటే ముందు నడిచి, ఆగి, మళ్ళీ ముందు నడిచి, నన్ను ఆయాసపెట్టాడు. "నీ ఇల్లు పోనివ్వను పెద్దమ్మా" అన్నాడు. "ఆ గావిన్ నన్ను మళ్ళీ దొంగ అనకుండా ఉంటే చాలు." అంటే ఏం చేస్తావని అడిగాను. మళ్ళీ ముందుకి నడిచాడు.

పత్రం రాసే గుమాస్తా ముసలాయన, ముక్కుపొడుం మనిషి. "ఏమ్మా, వేలిముద్రా?" అన్నాడు. "సంతకం చేస్తానయ్యా" అన్నాను. "చదువుకున్నదానివి, మరి చదివే చేస్తున్నావా? కుర్రాడు చెయ్యి విసిరాడంటే నీ ఇల్లూ మగ్గమూ సగం రాజుకి, సగం ఆ గావిన్‌కి. వచ్చే చలికాలం ఎక్కడ కాగుతావు?" అన్నాడు. నినియన్ పిడికిలి బిగుసుకోవడం చూసి ఆయనే మాట మార్చాడు. లాబరోస్‌లో ఉన్న బరో అంటే ఇప్పుడందరూ అప్పు తెచ్చుకోవడం అనుకుంటున్నారుగాని, పాతరోజుల్లో బరో అంటే మనిషేనట. ఒకడి మాట నిలబడేదాకా, వాడి తరఫున ఎదుటివాడి ఇంట్లో వెళ్ళి కూర్చునే మనిషి. దూరప్రయాణం వెళ్ళేవాళ్ళు సెయింట్ జాన్ నా బరో అని చెప్పి గడప దాటేవారట. అది పోపు నాటి పాత మతపు మాట, మనం అనకూడదు. కాని వినడానికి బాగుంది. "ఇప్పుడు మనిషి అక్కర్లేదు, సిరా చాలు" అని నవ్వి కలం నా చేతికిచ్చాడు.

గడువు మార్టిన్మస్ దాకా. ఈ నవంబరు త్వరగా రావాలని ప్రార్థించు.

నీ అక్క
గ్రిజెల్


లీత్ రేవు
మార్చి చివర

బంగారం లాంటి అక్కా,

నీ ఉత్తరం చదివి వీధిలో నిలబడే ఏడ్చాను. చేపలమ్మే బెస్సీ చూసి ఎవరు పోయారని అడిగింది. పోవడం కాదే, బతికారు అన్నాను.

టామ్‌తో ఉప్పుచేపలు కొన్ని, టీ పొట్లం ఒకటి పంపుతున్నాను. టీ అంటే నీకు పడదని తెలుసు. పాపం కాదు, తాగి చూడు. మా పాదిరిగారి భార్య పొద్దున్నా సాయంత్రమూ తాగుతుంది, ఆవిడ మోక్షానికి ఏ లోటూ కనపడదు.

వాణ్ణి సంతకి పంపకు. బీరు దుకాణం దగ్గర ఆగనివ్వకు. గావిన్ మనుషులు ఎదురైతే పక్కకి తప్పుకోమను. ఈసారి నిలబడతాడు, నాకు తెలుసు. అన్నం పెట్టి, మెత్తగా మాట్లాడు చాలు. నీలాంటి నెమ్మదస్తురాలి ఇంట్లో రాయి కూడా కరుగుతుంది.

బెతయా


పిట్‌లోగీ
ఏప్రిల్

ప్రియమైన చెల్లికి,

చేపలు అందాయి. టీ కాచాను. రెండు గుటకలు తాగి మిగతాది పక్కింటావిడకి ఇచ్చాను.

నువ్వు చెప్పినట్టే అన్నం పెడుతున్నాను, మెత్తగా మాట్లాడుతున్నాను. వాడు కొలిమి నుంచి వచ్చి కూర్చోడు. కిటికీ దగ్గరికి వెళ్తాడు, తలుపు దగ్గరికి వెళ్తాడు, గొళ్ళెం తీసి వేసి మళ్ళీ తీస్తాడు. నా రాట్నం మీద దారం ముడులు పడుతోంది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ లేదు. వాడు బయటికి వెళ్తే నాకూ ఏదో పని గుర్తొస్తుంది. మొన్న ఖాళీ కుండ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. "పాలకా పెద్దమ్మా?" అన్నాడు. అవునన్నాను. "ఆవులు ఈ పక్క లేవుగా." నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు. "జైలు తప్పించావనుకున్నా. జైలే నా వెంట నడుస్తోంది" అన్నాడు.

ఒక సంగతి అడుగుతాను. నీ ఉత్తరంలో "ఈసారి" అని రాశావు. నేను దాన్ని పట్టించుకునేదాన్ని కాదు. కాని టామ్ నిన్న నిప్పు దగ్గర కాళ్ళు కాచుకుంటూ, మీ ఆయన చిన్నాన్న సాండర్స్ ముసలాయన ఇప్పుడు పరుల పడవలకి తారు పూస్తున్నాడని చెప్పాడు. ఆయనకి సొంత పడవ ఉండేది. ఆల్చిప్పల కాలంలో నాకు ఒక బుట్ట పంపించాడు కూడా. ఆ పడవ ఏమైందని అడిగితే టామ్ లేచి గుర్రాన్ని చూడాలంటూ వెళ్ళిపోయాడు.

సాండర్స్ పడవ ఏమైంది బెతయా?

గ్రిజెల్


లీత్ రేవు
ఏప్రిల్

అక్కా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇంక దాచి ఏం లాభం?

పోయిన ఏడాది తెరచాపలు కుట్టే ఒకడితో నినియన్‌కి గొడవైంది. వాడూ ఇలాంటి కాగితమే తెచ్చాడు. సాండర్స్ మామయ్య పూచీ పడ్డాడు. ఎవరూ అడగకుండానే. "మనవడి కోసం కాకపోతే ముసలి చెక్కలెందుకు?" అని. గడువులో సగం బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు ఆ తెరచాపలవాడు వాడి మొహంమీద ఏదో అన్నాడు, నినియన్ వాడి చెయ్యి విరిచేశాడు. పడవ కోర్టు తీసుకుంది. రేవులో వేలం వేశారు. మామయ్య వేలం చివరిదాకా నిలబడి, కొన్నవాడికి ఎక్కడ నీరు కారుతుందో చూపించి మరీ ఇంటికి వచ్చాడు.

అప్పటినుంచి ఆయన మా గడప తొక్కలేదు. మేమూ ఆయన గడప తొక్కలేదు. నినియన్ ఆయన ఇంటిముందు నుంచి నడవలేక దారి తిప్పుకుని వెళ్ళేవాడు. అందుకే మీ ఊరు పంపాను.

చెప్పి ఉంటే నువ్వు సంతకం పెట్టేదానివా? నిజం చెప్పు. పెట్టేదానివి కాదు. వాడు జైల్లో ఉండేవాడు. నీకు పిల్లలు లేరు, నీకు తెలియదు. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కాగితం ఖరీదు, అలాగే ఉంచుతున్నాను.

బెతయా


పిట్‌లోగీ మర
మే

బెతయాకి,

నీ ఉత్తరం నాకు అందింది. దానిగురించి ఇప్పుడు ఏమీ రాయను. రాస్తే నా నోట ఎన్నడూ రాని మాటలు వస్తాయి.

ఎక్కడినుంచి రాస్తున్నానో పైన చూశావు కదా. ఎలా వచ్చానో చెప్తాను.

విట్సన్ పండగ సంతరోజు వాణ్ణి ఇంట్లో ఉంచలేకపోయాను. ఊరంతా వెళ్తుంటే వాణ్ణొక్కణ్ణి ఎలా ఆపను? నేనూ వెళ్ళాను. గావిన్ జీతగాళ్ళు బీరు బల్ల దగ్గర కూర్చుని, "అదిగో, ముసలమ్మ గొలుసు కట్టిన కుక్క! మొరగరా, కరవలేవుగా!" అన్నారు. నినియన్ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసి ముందుకి నడిచాడు. అరిచి ఉంటే నాకింత భయం ఉండేది కాదు.

మర్నాడు సాయంత్రం కొలిమి నుంచి వచ్చి, నా అవిసెపీచు కట్టలోంచి ఒక గుప్పెడు తీసి జేబులో కుక్కుకుంటున్నాడు. ఇంకో జేబులో చెకుముకి రాయి.

"చెకుముకి ఎందుకు నాయనా?"

"పైపు కాల్చడానికి."

"నువ్వు పైపు కాల్చవు కదా."

"నేర్చుకుంటున్నా."

"పీచుతోనా?"

పీచు తీసి బల్లమీద పడేశాడు. చెకుముకి ఇవ్వలేదు.

తెల్లారాక వాడు పనికి వెళ్ళగానే మోకాళ్ళమీద పడ్డాను. ప్రార్థనకి మాటలు రాలేదు. ఆ ముక్కుపొడుం గుమాస్తా మాటలే చెవిలో తిరిగాయి. పాతరోజుల్లో బరో అంటే మనిషి. యూదా కాగితం ఇచ్చి ఇంటికి పోలేదు. లేచి, రాట్నం వీపున కట్టుకుని, పిండిసంచీ చేత్తో పట్టుకుని మరకి వచ్చేశాను.

గావిన్ గుమ్మంలోనే ఉన్నాడు. "ఏంటి గ్రిజెల్, ఇవాళ మరాడే రోజు కాదే" అన్నాడు.

"మరాడించడానికి కాదు గావిన్ అన్నా. కూర్చోడానికి."

"కూర్చో. ఎంతసేపు?"

"మార్టిన్మస్ దాకా."

లోపల్నుంచి అతని భార్య లిలియాస్ పకపకా నవ్వింది. నేను రాట్నం పొయ్యి పక్కన దించాక నవ్వు ఆపేసింది. "నా కాగితం నీ దగ్గరుంది" అన్నాను గావిన్‌తో. "అది చాల్లేదు. మావాడు నీ కప్పుకి నిప్పు పెడితే ఆ కప్పు నా తలమీద కూడా పడాలి. ఇంతకంటే మంచి పూచీ నా దగ్గర లేదు."

"అంటే నా ఇంట్లో, నా పిండి తింటూనా?"

"నా పిండి నేనే తెచ్చుకున్నా. నువ్వు మరాడించిందే. కొంచెం తక్కువగానే ఉంది."

వాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో చూడలేదు. దారం వెతుక్కున్నాను.

గ్రిజెల్


లీత్ రేవు
మే

అక్కా! నీకు మతి పోయిందా?

ఇంటికి వెళ్ళు. ఈ క్షణమే వెళ్ళు. నీ యాభయ్యేళ్ళ వయసులో పగవాడి వంటింట్లో, పొయ్యి పక్కన! ఊరు ఏమనుకుంటుంది? పాదిరిగారు ఏమన్నారు? నువ్వు అక్కడుండగా వాడికి ఆ పిచ్చి పట్టిందంటే? వాడికి కోపం వస్తే ఎదుట ఎవరున్నారో కనపడదు. కన్నతల్లిని, నాకు తెలుసు. ఒకసారి నన్నే గోడకి నెట్టాడు. ఇదీ నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, ఇంటికి వెళ్ళు.

ఇల్లు పోతే పోనీ. నా దగ్గరికి వచ్చెయ్యి. నువ్వు పోతే నేనెవరికి అబద్ధాలు రాయను?

నీ ఉత్తరం చదివాక కాళ్ళు నిలవక బయటపడ్డాను. ఎటు వెళ్తున్నానో తెలియకుండానే సాండర్స్ మామయ్య గుడిసె ముందు తేలాను. తారు గిన్నె కలుపుతున్నాడు. ఏడాది తర్వాత చూస్తున్నాను. "ఏమ్మా బెతయా, జారుతుంది, జాగ్రత్త" అన్నాడు, అంతే. నేను వచ్చిన దారినే తిరిగొచ్చేశాను.

జవాబు రాయకు. ఇంటికి వెళ్ళు.

బెతయా


పిట్‌లోగీ మర
జూన్

చెల్లీ,

నువ్వు గోడ సంగతి రాసినందుకు నీమీద కోపం పోయింది. ఎందుకో తెలియదు. అది చదివాక నువ్వు కూడా ఇన్నేళ్ళూ ఎవరి బదులో ఎక్కడో కూర్చుని ఉన్నావని అనిపించింది.

గావిన్ ఒట్టి కక్షతో ప్రమాణం చేశాడనుకున్నాను. కాదు. బూట్లతోనే పడుకుంటాడు. తలుపు పక్కన తోలు బకెట్ల నిండా నీళ్ళు. కుక్క మొరిగితే చెంచా చేతిలోంచి జారుతుంది. లిలియాస్ గుసగుసగా, "వదినా, నువ్వొచ్చాక ఈయన కాస్త నిద్రపోతున్నాడు" అంది. ఈ నోటిదురుసు మనిషి ఇంత భయస్తుడని ఎవరనుకుంటారు!

నినియన్ రోజూ సాయంత్రం మర ముందున్న వంతెన అవతల నిలబడేవాడు. కాగితం ప్రకారం వంతెన దాటకూడదు. మొదట్లో అరిచేవాడు. "పెద్దమ్మా! ఇంటికి రా! గంజి మాడిపోతోంది!"

"కలుపుతూ ఉండు నాయనా!"

"ఎంతసేపు కలపను?"

"మార్టిన్మస్ దాకా కలుపు!" అని లిలియాస్ లోపల్నుంచి అరిచి నాలుక కరుచుకుంది.

తర్వాత అరవడం మానేశాడు. ఊరికే వచ్చి అటూ ఇటూ నడిచి వెళ్ళేవాడు. దానికే నాకు భయం వేసింది.

బుధవారం నాడు, మరాడించుకునేవాళ్ళు వెళ్ళిపోయాక, గావిన్ పై కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఇన్నాళ్ళ భయం అతని నోటికెక్కిందేమో. "ఏరా లీత్ దొంగా! ఒక్క అడుగు ఇటు వెయ్యి, మీ పెద్దమ్మ ఇల్లు నాది!" అని అరిచాడు.

నినియన్ వంతెన దాటాడు.

చేతిలో కొలిమి సుత్తి ఉంది. నేను గుమ్మంలోనే రాట్నం వేసుకుని ఉన్నాను, వెలుతురు కోసం. ఎంత తొందరగా వచ్చాడంటే లేవడానికి కూడా వ్యవధి లేదు. లేవకపోవడమే మంచిదైంది.

"పక్కకి జరుగు పెద్దమ్మా."

"జరగను."

"నీకేం కాదు. జరుగు."

"జరిగితే నేను పూచీ ఎలా అవుతాను?"

"వాడు నన్ను మళ్ళీ దొంగ అన్నాడు. విన్నావా లేదా?"

"విన్నాను. నువ్వు దొంగవి కాదని నాకు తెలుసు."

"నీకు తెలిస్తే చాలదు!"

"ఇక్కడ కూర్చున్నది నేనే కదరా. నాకు తెలిసిందే ఇవ్వగలను."

సుత్తి నా తల పక్కనే ఉంది, దాని ఇనుపవాసన వస్తోంది. అబద్ధం చెప్పను చెల్లీ, నాకు ప్రభువు గుర్తుకు రాలేదు. వాడి బొటనవేలి మీది కాలిన మచ్చ మాత్రం చూస్తున్నాను. నేను చక్రం గట్టిగా తిప్పేసరికి దారం తెగింది. కొస ఎటో పోయింది. వెతుకుతున్నాను, దొరకడం లేదు. చిన్నప్పుడు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా, తెగిన కొస నాకంటే ముందు వాడికే దొరికేది. వాడు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆఖరికి వంగి, ఆ పెద్ద చేత్తో కొస పట్టుకుని నా వేళ్ళమధ్య పెట్టాడు.

తర్వాత సుత్తి నా కాళ్ళ దగ్గర పెట్టి, "ఇది కూడా పూచీ ఉంచుకో" అన్నాడు. వంతెన దాటి వెళ్ళిపోయాడు. ఇంటివైపు కాదు.

వారం అవుతోంది. కొలిమికి రాలేదు. ఎక్కడున్నాడో తెలియదు. నీ దగ్గరికి వచ్చాడా? గావిన్ కిటికీలోంచి అంతా చూశాడు. వంతెన దాటాడని, సుత్తి ఎత్తాడని చెయ్యెత్తి ప్రమాణం చేస్తే చాలు, నా ఇల్లు పోతుంది. ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నిన్న గుర్రం వేసుకుని కూపర్ వెళ్ళాడు. ఎందుకని లిలియాస్‌ని అడిగాను. ఆమె పొయ్యి ఊదడానికి వంగింది.

నినియన్ కనపడితే ఒక్క ముక్క రాయి.

గ్రిజెల్


లీత్ రేవు
జూన్

అక్కా,

వచ్చాడు. బతికే ఉన్నాడు. ముందు ఈ మాట.

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో ఉన్నాడు, బూట్లు చిరిగి, గడ్డం మాసి. సైన్యంలో చేరడానికి స్టర్లింగ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాడట. కొడదామని చెయ్యెత్తాను, ఆ చేత్తోనే రొట్టె పెట్టాను. తినలేదు. "అమ్మా, నేను ఎక్కడ ఆగినా పెద్దమ్మ అక్కడి పొయ్యి పక్కన కూర్చున్నట్టు కనపడుతోంది. ఆమె కూర్చుని ఉంటే నాకు కాళ్ళు ఆడటం లేదు" అన్నాడు. తిన్నగా రేవుకి నడిచాడు. నేను వెనకాలే ఖాళీ కుండ లేకుండా వెళ్ళాను.

సాండర్స్ మామయ్య గుడిసె ముందు ఆగాడు. ఏడాదిపాటు దారి తిప్పుకున్న చోటు అది. మామయ్య తలెత్తలేదు. తారు కలుపుతూనే, "పడవ తెచ్చావట్రా?" అన్నాడు.

"లేదు తాతయ్యా."

"మరి చేతులూపుకుంటూ ఎందుకొచ్చావు?"

"నన్ను తెచ్చాను."

మామయ్య చాలాసేపు వాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు, పడవ కొనేవాడు చూసినట్టు. "ఎక్కడెక్కడ నీరు కారుతుందో నాకు తెలుసులే" అన్నాడు. "ఆ కుంచె తీసుకో. నీ చోటు గుమ్మం పక్కన. గురక పెడితే నీళ్ళు పోస్తా."

నేను మా గోడపక్క కూర్చుని ఏడ్చాను. బెస్సీ మళ్ళీ ఎవరు పోయారని అడిగింది.

వాడు అక్కడే ఉంటున్నాడు. పగలు పడవలకి తారు, సాయంత్రాలు రేవు కొలిమిలో లంగర్లు. కూలి అంతా ముసలాయన చేతిలో పెడుతున్నాడు. ఇంకా నిలవలేడు, గుమ్మం దగ్గర గొళ్ళెం తీసి వేస్తూనే ఉంటాడట. కానీ గుమ్మం దాటడం లేదు.

నీకు ఒక మాట చెప్పమన్నాడు. "పెద్దమ్మని ఇంటికి వెళ్ళమను. ఇక్కడ నేను కూర్చున్నాను."

నీ ఇంటి సంగతి ఏమైంది? గావిన్ ఏం చేశాడు? నాకిక్కడ అన్నం దిగడం లేదు.

నీ చెల్లి
బెతయా


పిట్‌లోగీ
జూలై

ప్రియమైన చెల్లికి,

ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మన ఇంట్లోనే. మగ్గం ఎక్కడిది అక్కడే ఉంది.

గావిన్ కూపర్ నుంచి వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు. రాట్నం తిప్పుతూ మనసులో ఇల్లు ఖాళీ చేశాను. బావగారి కుర్చీ ఎవరికివ్వాలో కూడా అనుకున్నాను. మరాడే రోజు వచ్చింది. ఊరంతా బస్తాలతో వరసలో ఉన్నారు. కొలిమి యజమాని, ఎగతాళికే అనుకుంటాను, "ఏం గావిన్, మా కుర్రాడు సుత్తి పట్టుకుని నీ గుమ్మానికి వచ్చాడట, కూపర్‌లో ఏం చెప్పొచ్చావు?" అని అడిగాడు. అందరూ ఆగిపోయారు. నా రాట్నం కూడా ఆగింది.

గావిన్ కొలత చిప్పతో పిండి తోడుతూనే ఉన్నాడు. "చెప్పడానికి నేనేం చూశాను?" అన్నాడు. "మరవాణ్ణి. ఆ రోజు కళ్ళలో పిండి పడింది."

"మరి కూపర్‌కి ఎందుకెళ్ళావు?"

"చెప్పడానికే వెళ్ళా. గుమాస్తా గుమ్మం దాకా వెళ్ళి వచ్చా." ఎవరో నవ్వారు. గావిన్ తల ఎత్తకుండానే, "ఆ రోజే కాదు" అన్నాడు. "శీతాకాలంలో ఒక బస్తా కొలిచిన రోజు కూడా పడింది, కళ్ళలో పిండి. ఆ కుర్రాడు దొంగ కాదు. ఊ, తర్వాత బస్తా ఎవరిది?"

దొంగ అని అన్నది ఏ గుమ్మంలోనో, ఎవరి ముందో, కాదన్నదీ అక్కడే, వాళ్ళ ముందే. ఇది వాడికి చెప్పు. ఒక్క మాట తగ్గించకుండా చెప్పు.

నీ ఉత్తరం ఆ మర్నాడు వచ్చింది. సంచీ సర్దుకున్నాను. రాట్నం గావిన్ తన భుజాన మోసుకొచ్చాడు, దారంతా ఎంత బరువో చెప్తూ. నా పిండిసంచీ నిండుగా ఉంది. నింపింది ఎవరని అడగలేదు. లిలియాస్ వంతెన దాకా వచ్చి, "వదినా, బుధవారాలైనా వస్తావు కదూ" అంది. వస్తానన్నాను. కాగితం గడువు ఇంకా ఉంది కదా.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది చెల్లీ. గొళ్ళెం ఎవరూ తీయడం లేదు. అయినా సాయంత్రం కాగానే నేనే లేచి తీసి చూస్తున్నాను. ప్రార్థనలో కూర్చుంటే ధ్యాస వంతెన మీదికి పోతోంది. క్రీస్తు మనకి పూచీ అని పాదిరిగారు చెప్పినప్పుడల్లా ఇదివరకు కాగితమూ సంతకమూ కళ్ళముందు కనపడేవి. ఇప్పుడు ఎవరో మన గుమ్మంలో కూర్చుని, తెగిన దారం వెతుక్కుంటున్నట్టు కనపడుతోంది. ఇలా అనుకోవడం తప్పో ఏమో.

సుత్తి నా దగ్గరే ఉంది. టామ్ తీసుకెళ్తానన్నాడు, ఇవ్వలేదు. పూచీ ఉంచుకోమన్నవాడే వచ్చి విడిపించుకోవాలి. సాండర్స్ గారి దగ్గర సెలవు దొరికినప్పుడు, మార్టిన్మస్ నాటికైనా సరే, వాణ్ణి రమ్మను. ఏ రోజు వస్తాడో మాత్రం ముందుగా రాయకు. రాశావంటే ఆ రోజంతా నా చేతిలో దారం నిలవదు. ఇప్పుడు మాత్రం ఎక్కడ నిలుస్తోంది?

నీ అక్క
గ్రిజెల్